వేలెత్తి చూపకూడని కొండ

ఆగస్టు 16, శుక్రవారం

అమ్మ లెక్కలో నేను ఒక మగాడి వెంట పోతున్నాను. ఉత్తరాన మంచు కొలిచే ఉద్యోగం, రెండేళ్ల కాంట్రాక్టు అని ఎన్నిసార్లు చెప్పినా చెవికెక్కలేదు. విలియమ్స్ లేక్ ఊళ్లో ఉన్న చుట్టాలందరికీ అతని పేరు గ్యారెట్ అని కూడా చెప్పేసింది. గ్యారెట్ కాలేజీలో నా ల్యాబ్ పార్ట్‌నర్. అతనికి పెళ్లయింది. ఆ సంగతి చెబితే, అయితే మరీ ఘోరం అంది.

నాకు కుదురు లేదని కూడా అంది. అది నిజమే.

రేపు మా కొండ కింది సరస్సుకు వెళ్తున్నాను. అమ్మమ్మ, ఆగస్టీన్ మావయ్య అక్కడే మకాం పెట్టి సాల్మన్ చేపలు ఎండబెడుతున్నారు. బుధవారం విమానం వచ్చి నన్ను ఎక్కించుకుంటుంది. ఆ పై సోమవారం ఉదయం వాంకూవర్‌లో ఓడ ఎక్కాలి. ఎక్కకపోతే ఉద్యోగం ఇంకొకరిది.

ఆగస్టు 17

పైలట్ లాయిడ్ విమానాన్ని నీళ్ల మీద దింపాడు. నీళ్లు ఎప్పటి రంగులోనే ఉన్నాయి. పైనున్న మంచు అరగదీసిన రాతిపొడి కలిసి, పాలచుక్క వేసిన నీలం.

అమ్మమ్మ నన్ను చూసి లేవలేదు. ఒళ్లో చేప ఉంది. చిక్కిపోయావేమే లియోనా, ఆ గ్యారెట్ వండిపెట్టడా అంది. అమ్మ చెప్పిన వార్త నాకంటే ముందే మకాంలోని వైర్‌లెస్ రేడియోలో చేరింది.

కత్తి ఇచ్చింది, కూర్చున్నాను. నా కోతలు చూసి మావయ్య, యూనివర్సిటీ చేపలకు ముళ్లుండవు కాబోలు అన్నాడు.

ఆగస్టు 18

మంచు చూడ్డానికి అంత దూరం ఎందుకే పిచ్చిదానా, తల పైకెత్తితే చాలదా అని మావయ్య. ఇక్కడి మంచుకు జీతం ఎవరిస్తారు అన్నాను. నేనిస్తాను, చేపల్లో అన్నాడు.

ఆగస్టు 19, సోమవారం

తప్పు జరిగింది.

ఈ కొండ మా తెగకు పెద్ద. పెద్దవాళ్ల ముఖం మీదికి ఎవరూ వేలు చూపరు. చూపితే గాలివాన వస్తుంది. ఏదైనా చూపాల్సి వస్తే గడ్డంతోనో పెదవులతోనో చూపుతాం. మా పిల్లలకు మాటలకంటే ముందు వచ్చే విద్య అది. నాలుగేళ్లు క్లాసులో మ్యాపుల ముందు నిలబడి నా చెయ్యి దారి తప్పింది. నా చిన్నప్పుడు మంచు ఎక్కడిదాకా దిగి ఉండేదో మావయ్యకు చెబుతూ చెయ్యి చాపేశాను. వేలితో సహా.

మావయ్య టీ ఒలకబోసుకున్నాడు. అమ్మమ్మ లేచి వెళ్లి, ఆరేసిన చేపల మీద టార్పాలిన్ కప్పడం మొదలుపెట్టింది.

ఆకాశంలో మబ్బుతునక లేదు.

ఆగస్టు 20

గాలి. వాన.

ఆగస్టు 21, బుధవారం

కొండ లేదు. సరస్సు సగమే ఉంది. లాయిడ్ రేడియోలో, ఈ గాలిలో దిగితే నన్ను కూడా ఎండబెట్టుకోవాల్సిందే అన్నాడు.

వాతావరణ సూచన నేను బయల్దేరకముందే చూశాను. అల్పపీడనం అప్పటికే సముద్రం మీద ఉంది. నా వేలికీ దానికీ సంబంధం లేదు. అయినా ఉదయం నుంచి చెయ్యి జేబులోంచి తీయలేదు.

ఆగస్టు 22

మావయ్య నన్ను అనుమానిస్తున్నాడు. కావాలనే ఎత్తానట. పోవడం ఇష్టం లేకపోతే నోటితో చెప్పి ఏడవొచ్చుగా, మధ్యలో నా చేపలేం చేశాయే అన్నాడు. పోవాలనే ఉంది మావయ్యా అంటే, దొరికినవాళ్లందరూ ఇదే మాటంటారు అన్నాడు.

ఆ మాటే అమ్మకు రేడియోలో చేరవేశాడు. అమ్మ గొంతులో పండగ. కొండ ఆపాక ఇంకెవరు తీసుకుపోతారు, ఆ గ్యారెట్‌కి ఫోన్ చేసి చెప్పెయ్ అంది.

ఇప్పుడు నా గురించి రెండు కథలున్నాయి. ఒకదాంట్లో మగాడు లాక్కుపోతున్నాడు. ఇంకోదాంట్లో కొండ పట్టుకుంది. రెండింట్లోనూ నేను సామాను.

ఆగస్టు 23

రోజంతా పొగపాకలో. వానకు ఆరని చేపలను పొగతోనే కాపాడాలి. తడికట్టె మండదు, ఊదుతూ కూర్చోవాలి. కళ్లు మండాయి. అమ్మమ్మ కత్తి నూరుతూ, వచ్చే వేసవికి ఇది ఎవరి చేతికివ్వను అంది. నన్ను చూడలేదు. కత్తినే చూస్తూ అంది. మావయ్య ఉన్నాడుగా అన్నాను. వాడు చేపను కొయ్యడు, చంపుతాడు అంది. బతికున్నవాటినే కదమ్మా చంపేది అని మావయ్య బయటినుంచి.

ముగ్గురం నవ్వాం. తర్వాత నేను మళ్లీ కట్టె ఊదాను.

ఆగస్టు 24

కొన్ని చేపలకు బూజు. మావయ్య వాటిని నా ముందునుంచే మోసుకెళ్లాడు, అవసరం లేకపోయినా.

వాన తగ్గింది. గాలి తగ్గలేదు. రేపు కూడా ఇలాగే ఉంటే ఓడ పోయినట్టే.

ఆగస్టు 25, ఆదివారం, ఉదయం

గాలి లేదు. కొండ మొత్తం కనబడుతోంది, నెత్తిన కొత్త మంచుతో. లాయిడ్ బయల్దేరానన్నాడు.

బ్యాగు పట్టుకుని ఒడ్డున నిలబడ్డాను. అమ్మమ్మ వచ్చి పక్కన నిలబడింది. ఇంట్లో ఏ పిల్ల కొండ వైపు వేలెత్తినా మణికట్టు మీద గరిటెతో కొట్టిన మనిషి. మావయ్య దూరంగా ఉన్నాడో లేదో చూసుకుంది. తర్వాత మెల్లగా, ఇంకొక్కసారి ఎత్తవే ఆ చెయ్యి అంది.

నవ్వుతోందేమోనని చూశాను. నవ్వడం లేదు. ఒక్క వేలు చాలు, మిగతాది నేను సర్దిచెప్పుకుంటాను కొండకి అంది.

విమానం చప్పుడు వినబడుతోంది.

అదే రోజు, విమానంలో

చేతులు జేబుల్లో పెట్టుకునే నీళ్లదాకా నడిచాను.

వెళ్లాలని ఉంది. వెళ్తున్నాను.