రెండు తెల్ల పడవలు

ఎల్.బి. నగర్,
18 మే 2025, ఆదివారం.

గౌరవనీయులు చక్రపాణి సార్‌కు,

కోదండం నమస్కరించి రాస్తున్నాను. ఇక్కడ మేం ఉన్నామంటే ఉన్నాం. మీ శ్రీమతి సూర్యప్రభమ్మ కుడిచెయ్యి ఇప్పుడు ఎలా ఉందో, మాట కాస్తన్నా తేటపడిందో తెలియదు. మీ దిల్‌సుఖ్‌నగర్ ఇల్లు మాకు మెట్రోలో మూడో స్టేషనే. మీరు ఇల్లు మారి అయిదేళ్లవుతున్నా ఒక్కసారి రాలేదు. మా చీరల దుకాణమనీ, మోకాళ్ల నొప్పులనీ సాకులు చెప్పుకుంటూ గడిపాను.

మళ్లీ వరదొస్తే ఉంటుందని, వానలు పడేలోగా కాలనీకి మోటారు పడవ కొనాలని సంఘంలో తీర్మానించారు. ఎంచే పని నా మీద పెట్టారు. వద్దన్నా వినలేదు. హయత్‌నగర్‌లో ఉపేంద్ర అనే ఆయన షెడ్డులో రెండున్నాయి. కుటుంబాలు జలాశయాల్లో షికారుకు వాడే రకం. రెండూ ఫైబర్‌వే, తెల్లవి, పద్నాలుగు అడుగులవి, ఇంజనూ ఒకటే. ఒకటి కొంచెం వెడల్పు, మనుషులు కదిలినా ఒరగదు. రెండోది తేలిక, నలుగురు పట్టి ఎత్తగలరు. నాలుగు ఆదివారాలు పోయాను. ఎక్కి కూర్చున్నాను, దిగాను, టేపు పెట్టి కొలిచాను. ఇంటికొచ్చేసరికి ఒంట్లో సత్తువ ఉండదు. ఏది తీసుకున్నా తేలుతుందని ఉపేంద్ర కూడా విసుక్కున్నాడు.

మొన్న అన్నం వడ్డిస్తూ మా ఇంటామె అరుణమ్మ అంది: "నువ్వు పడవలు చూస్తలేవు, ఆ దినాన్ని చూస్తున్నవ్."

ఆ దినం మీకు గుర్తు చేయనక్కర్లేదు. వీధిలో నడుముదాకా వరద నీళ్లు. సూర్యప్రభమ్మకు మాట ముద్దగా వస్తోందని, మూతి పక్కకు పోయిందని వెనక సందులోని మీ ఇంటి నుంచి మీరు ఫోన్ చేశారు. అప్పటికే సహాయానికొచ్చిన పడవ మా గేటు ముందుంది. మా అమ్మ కొమురమ్మను ఎక్కిస్తున్నాను. పడవ నిండిపోయిందని, మళ్లీ వస్తుందని చెప్పాను. అది తిరిగొచ్చేసరికి నాలుగు గంటలు పట్టింది. ఆ ఆలస్యానికే చెయ్యి పడిపోయిందన్నారు దవాఖానలో. మీరేమో నా భుజం మీద చెయ్యి వేసి, "మీరేం చేస్తారండీ, నిండిపోయిన పడవలో ఎక్కడ పెడతారు" అన్నారు.

మీరు గోదావరి పాయల మధ్య పెరిగినవారు. ఈ రెండిట్లో ఏది మేలో చెప్పగలరు. గురువారంలోగా సంఘానికి చెప్పాలి.

ఇట్లు,
మీ పాత పొరుగువాడు,
కోదండం.

తా.క.: కవరు అంటించి మళ్లీ విప్పాను. ఆ పడవ నిండలేదు సార్. ఇద్దరికి చోటుంది. "ఇంకెవరన్న ఉన్నరా పెద్దాయనా, జాగ ఉంది" అని పడవ నడిపే అతను అడిగాడు. మీ ఫోన్ పెట్టేసి నిమిషం కాలేదు. వెనక సందుకు మళ్లితే ఆలస్యమవుతుందని, అమ్మ నా చెయ్యి వదలకుండా ఏడుస్తోందని, "ఎవ్వరు లేరు, పోనీ" అన్నాను. అమ్మకు జబ్బేమీ లేదు. నీళ్లంటే భయం, అంతే. ఆమె పోయి ఏడాది దాటింది. ఆమె ఉండగా ఇది రాయలేకపోయాను.

పడవ సంగతి మీరు రాయనక్కర్లేదు. తేలికదే కావాలని ఇందాక ఉపేంద్రకు ఫోన్ చేశాను. వెనక సందు మలుపు తిరిగేది అదొక్కటే. ఈ ఉత్తరం సూర్యప్రభమ్మకు చదివి వినిపించాలో వద్దో మీ ఇష్టం. వచ్చే ఆదివారం మీ ఇంటికి వస్తాను. మీరు తలుపు తియ్యకపోతే కాసేపు మెట్ల మీద కూర్చుని వెళ్లిపోతాను.