చోంగో చప్పట్లు

డిసెంబరు 8, సోమవారం

బుకింగులు నిండిపోయాయి. మోసి-ఓవా-తున్యా జలపాతం అంచునే ఉన్న మడుగులో దిగి, నీళ్ళు లోయలోకి ఎలా పడుతున్నాయో తొంగి చూడాలని వచ్చినవాళ్ళందరికీ ఆరాటం. నది తగ్గినప్పుడే దిగనిస్తాం. వానలు మొదలయ్యాయి, ఏ రోజైనా మూసెయ్యాలి. మేనేజరు మాత్రం క్రిస్మస్ దాకా లాగుదాం లుయాండో, నీలాంటి గైడ్ అమ్మాయి ఉండగా నాకేం భయం అన్నారు. పొగడ్తకి పడిపోయాను.

డిసెంబరు 10, బుధవారం

మధ్యాహ్నం భోజనాల దగ్గరికి చోంగో వచ్చాడు. ఎగువన పడవ నడుపుతాడు. వాళ్ళది హైనా వంశం, మాది ఏనుగు వంశం. వేళాకోళం వరస. ఎంత తిట్టుకున్నా కోపం తెచ్చుకోకూడదు, తెచ్చుకుంటే వాళ్ళదే తప్పు. ఊళ్ళో పెద్దలెవరు ఎదురైనా మోకాళ్ళ మీద కూర్చుని మెల్లగా చప్పట్లు చరిచి పలకరించే మనిషి, నన్ను చూడగానే ఒసేయ్ బానపొట్టా, నువ్వు దిగితే మడుగులో ఇంకా నీళ్ళు మిగులుతాయా అన్నాడు. నా పళ్ళెంలో చెయ్యి పెట్టి మొక్కజొన్న పిండి న్షీమా ముద్ద లాక్కున్నాడు.

నాన్న పోయినప్పుడూ ఇంతే. నాన్న కోటు తొడుక్కుని, నాన్నలాగే దగ్గుతూ, నేను చచ్చినా బీరు పొయ్యరేంట్రా అని అరిచాడు. అమ్మ ఏడుస్తూనే పడీ పడీ నవ్వింది. చావింట్లో గెంతి, వెక్కిరించి నవ్వించడం వరసైనవాళ్ళ బాధ్యత. మా ఇంట్లో పోతే వాళ్ళు, వాళ్ళింట్లో పోతే మేము.

లేస్తూ లేస్తూ, ఎగువన నీళ్ళు ఎర్రబడ్డాయే, గడ్డి తెప్పలు తెప్పలుగా కొట్టుకొస్తోంది, ఇక దిగకు, నీ చావుకి గెంతాలంటే నాకు మోకాలి నొప్పి అన్నాడు. ముందు నువ్వు చావరా హైనా, నేను గెంతుతాలే అన్నాను. అందరం నవ్వాం.

డిసెంబరు 11, గురువారం

నీళ్ళు అలాగే ఉన్నాయి. రంగు కాస్త మారిందేమో. ఏమో. మేనేజరుకి చెప్పాను. ఎవరన్నారు అని అడిగారు. చోంగో అన్నాను. ఆయన పగలబడి నవ్వారు. నువ్వు మొసలిని పెళ్ళాడావని ఊరంతా చాటింది వాడే కదా అన్నారు. నిజమే.



డిసెంబరు 12, ఉదయం

ఇవాళ చూడవచ్చినవాళ్ళు ఐదుగురు. తాడు సరిచూశాను. నిన్న కనిపించిన నల్లరాయి ఇవాళ కనిపించలేదు. తుంపర పొగ అడ్డం వచ్చి ఉంటుంది. వెళ్తున్నాను.

డిసెంబరు 12, సాయంత్రం

ఇది రాయాలి.

అందరినీ మడుగులో దింపాను. ఒకావిడ అంచు మీద బోర్లా పడుకుని ఫోటో తీయించుకుంటోంది. ఎగువ నుంచి పడవ. చోంగో. తెడ్డు ఊపుతూ అరుస్తున్నాడు. ఆ హోరులో ఏం వినపడుతుంది! నేను నవ్వాను. దేవుడా, నవ్వాను. వాడు మా వేళాకోళం మనిషి, మీరూ చేతులూపండి అని వాళ్ళకి చెప్పాను. అందరూ ఊపారు. నేను పొట్ట తట్టి చూపించాను.

అప్పుడు వాడు ఇంజిన్ ఆపేశాడు. పడవలోనే మోకాళ్ళ మీద కూర్చున్నాడు. తల వంచి చప్పట్లు చరిచాడు. నాకు! పెద్దలకి చరిచినట్టు. వరసైనవాళ్ళు ఒకళ్ళకొకళ్ళు అలా ఎన్నడూ చెయ్యరు. అంటే ఇది వేళాకోళం కాదు.

బయటికి రండి, బయటికి అని గొంతు చించుకున్నాను. తాడు పట్టించి ఒక్కొక్కళ్ళనీ లాగాను. ఆఖరికి ఫోటో ఆవిడని రాతి మీదికి తోసేసరికి నీళ్ళు నా ఛాతీ దాకా వచ్చేశాయి, ఎర్రగా, గడ్డితో. నేనూ ఎక్కాను. అందరం బతికాం.

తిరిగి చూస్తే చోంగో ఇంజిన్ తాడు లాగుతున్నాడు. లాగుతూనే ఉన్నాడు. ఇంజిన్ రెక్కలకి గడ్డి చుట్టుకుపోయింది. నా తాడు విసిరాను, అందలేదు. మళ్ళీ విసిరాను. పడవ నా ముందు నుంచే అంచు దాటిపోయింది. దాటేముందు నావైపు చూసి ఏదో అన్నాడు. తిట్టే అయ్యుంటుంది. తిట్టే అయ్యుండాలి.

డిసెంబరు 13

దొరకలేదు. మడుగు మూసేశారట. ఇప్పుడు.

డిసెంబరు 14, ఆదివారం

దిగువన దొరికాడు. వాడి భార్య నామూంగా కబురు పంపింది. ఏనుగులు ఇంకా రాలేదేం, మా ఆయన్ని నవ్వు లేకుండా పంపించేస్తారా అని. ఏ మొహం పెట్టుకుని వెళ్ళను? వాడు చచ్చింది నా వల్లే. అమ్మ నా దుప్పటి లాగేసింది. నీ ఏడుపు తర్వాత ఏడుద్దువుగాని, ముందు లేవవే అంది.

డిసెంబరు 15

వాడి టోపీ పెట్టుకున్నాను. శవం పక్కనే పీట మీద కూర్చుని, లేని ఇంజిన్ తాడు లాగాను. మళ్ళీ లాగాను. ఒసేయ్ బానపొట్టా, చూస్తావేం, వచ్చి తొయ్యి అని వాడి గొంతుతో అరిచాను.

నామూంగా నవ్వింది.

పొద్దుగూకేదాకా గెంతాను.