ఏడో తరగతిలో ఒక్క పీరియడ్

అమ్మా,

ఇక్కడ నేనూ నీ బడీ బాగానే ఉన్నాం. నువ్వు అక్కావాళ్ళింట్లో హాయిగా మోకాలి సంగతి చూసుకో, బెంగపడకు.

మొన్న లెక్కల టీచరు అంతమంది పిల్లలతో వేగలేక మానేస్తానంది. నువ్వైతే ఏం చేసేదానివో అదే చేశా. బతిమాలకుండా, ఆవిడ బదులు ఏడో తరగతికి నేను వెళ్ళా. ఒక్క పీరియడ్‌లో పిల్లలు నాకు చుక్కలు చూపించారు! వెంటనే సగం మందిని లైబ్రరీ గదిలోకి మార్చి రెండు సెక్షన్లు చేసేశా. రెండో సెక్షన్‌కి లెక్కలు నేనే చెబుతున్నా. ఆవిడ ఉండిపోయింది.

అన్నట్టు, స్టాఫ్‌రూం బీరువా తాళం ఎక్కడ దాచావు? కసరత్తు ఎగ్గొడుతున్నావట, అక్క మొత్తుకుంటోంది. బావని అడిగానని చెప్పు.

"పెద్దమేడం ఎప్పుడొస్తారు?" అని రోజూ ప్రాణం తీసే టీచర్లు ఈ వారం ఒక్కరూ అడగలేదు. అలగకుండా దీవించు.

నీ చిన్నది