ఒకే ఒక్క వద్దు

మార్చి 3
కొత్త యుద్ధవిమానానికి డైరెక్టర్ ఎవరంటే రిబ్బన్. ఒకప్పుడు నా కింద పనిచేసినవాడే. నేను తయారుచేసిన కంట్రోల్ సిస్టమ్ మీద తన పేరు వేసుకున్నాడు. రిటైరయ్యాక నన్ను సలహాదారు అని మూలన కూర్చోబెట్టాడు. ఎక్కడ ప్రారంభోత్సవం ఉంటే అక్కడ కత్తెరతో ప్రత్యక్షమవుతాడు. రిబ్బన్ అన్న పేరు పెట్టింది నేనే.

మార్చి 5
విమానం ఒకటే, పనులు రెండు. గాల్లో శత్రువిమానాన్ని కొట్టాలి, నేల మీద బాంబు వేయాలి. మంత్రిగారి ముందు రెండూ ఒకే ఫ్లైట్‌లో చూపిస్తాడట. ఎడమ రెక్క కింది బాంబు వదిలాక కుడి రెక్క కింది బరువు అలాగే ఉంటుంది. ఆ ఒంటి బరువుతో, పక్కగాలిలో దిగడం ఎవరూ పరీక్షించలేదు. విమానం తిరగబడొచ్చు అన్నాను. అంతా విండ్ టన్నెల్‌లో చూశాం కదా గురువుగారూ, వయసుతో పాటు మీకు భయం కూడా పెరుగుతోంది అన్నాడు. అందరూ నవ్వారు. టీ తెచ్చినాయన కూడా.
నడపబోయేది మా అల్లుడు.

మార్చి 8
మా దగ్గరొక పద్ధతి. ఫ్లైట్‌కు ముందు బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లు ఒక్కొక్కరే ‘వెళ్లొచ్చు’ అనాలి. ఒక్కరు వద్దంటే ఆగిపోతుంది. కారణం అడగకూడదు. పెట్టింది నేనే. రేపటి మీటింగ్‌కు బల్ల దగ్గర నా కుర్చీ తీసేశారు. సలహాదారులు బయట కూర్చోవాలట. చరిత్ర చాలా చదివాను. యుద్ధాలు ఎక్కువగా ఓడింది మీటింగుల్లోనే.

అదే రోజు, సాయంత్రం
అల్లుడు వచ్చాడు. మామయ్యా, ఇది ఆయన మీద కోపమా, నిజంగా లెక్కేనా, ఒక్క ముక్కలో చెప్పండి అన్నాడు. లెక్క అన్నాను. గుమ్మంలోంచి అమ్మాయి అంది, నాన్నా, ఈయన ఇన్నేళ్లూ ఈ ఫ్లైట్ కోసమే కాచుకుని ఉన్నారు, మీ పగలోకి లాగకండి అని.

మార్చి 9
అల్లుడు వద్దన్నాడు.

మార్చి 10
పైలట్ వద్దంటే పైలట్‌నే మార్చి, బల్ల చుట్టూ మళ్లీ అడిగారు. కొత్తాయన ‘వెళ్లొచ్చు’ అన్నాడు. పద్ధతి తప్పలేదు.

మార్చి 11
ఎగిరింది. ఆకు కదలడం లేదు. బాంబు గురి తప్పలేదు. ఒంటి బరువుతో సాఫీగా దిగింది. చప్పట్లు. నా లెక్క తప్పు కాదు, గాలి లేదు, అంతే. ఈ మాట ఎవరికి చెప్పను? రిబ్బన్ నా భుజం తట్టి, మీ అల్లుడుగారికి ఆఫీసులో మంచి సీటు చూస్తాన్లెండి, అక్కడ పక్కగాలి ఉండదు అన్నాడు.
దిగేటప్పుడు రెక్క వాలాలని కోరుకున్నాను. లోపల మనిషి ఉన్నాడని తర్వాత గుర్తొచ్చింది.

మార్చి 14
అమ్మాయి నాతో మాట్లాడటం లేదు.

మార్చి 20
భోజనం దగ్గర అల్లుడు అడిగాడు, కోపమా, లెక్కా అని మళ్లీ అడిగితే అదే చెబుతారా మామయ్యా అని. అదే చెబుతానన్నాను. సరే, మంచినీళ్లు ఇటు జరపండి అన్నాడు. జరిపాను.