దెయ్యానికి ఓ ముద్ద

ఆదివారం, రాత్రి

ఈ సంతోషం మా చర్చి సంఘంలో ఎవరికీ చెప్పుకోలేను, అందుకే కలం పట్టాను.

మా అమ్మాయి సునీత రాసిన ఆట పుస్తకం మొదటిసారి అమ్ముడుపోలేదు. బల్ల చుట్టూ కూర్చుని, తలా ఒక పాత్రగా మాట్లాడుతూ, పాచికలు వేసి ఆడే ఆట అది. ఇప్పుడు కొత్త ఎడిషన్ వచ్చీరాగానే కాపీలన్నీ అమ్ముడైపోయాయి.

కొత్తది రాయకముందు ఓసారి నాతో ఆడించినప్పుడు, ఆటలో నా పాత్రకు గుహలో దెయ్యం ఎదురైంది.

"కత్తి తీస్తావేటి అమ్మా?"

"అన్నం వేళయింది. ముందు ప్రార్థన సేసి, దానికీ ఓ ముద్ద పెడదాం."

"దెయ్యానికి కూడేటే అమ్మా!" అని పడీపడీ నవ్వింది.

పోరాడేముందు శత్రువును భోజనానికి పిలవవచ్చని కొత్త ఎడిషన్‌లో నియమం పెట్టింది. అందరికీ అదే నచ్చిందట. ఆ నియమం పక్కన నా పేరు అచ్చు వేసింది.

పాస్టరమ్మగారు చూస్తే ఏమంటారో... ప్రభువుకు మాత్రం కోపం వచ్చి ఉండదు.

సునీతా, ఈ పేజీ దొరికితే దాచుకో, ఎవరికీ చూపించకు.