మా హాల్లో దీక్ష

నవంబరు 2, ఆదివారం
మా అమ్మాయి చిన్నికి స్కూల్లో ప్రాజెక్టు. పశ్చిమ దేశాల్లో అరవైల నాటి పాటల పండుగలు, నిరసనలు. జుట్టులో పూలు, యుద్ధం వద్దనే అట్టలు, బురదలో గిటార్లు... ఫొటోలు అంటిస్తోంది. నాకు ఉక్రోషం వచ్చింది. మనకు లేవా? అరవైతొమ్మిదిలో తెలంగాణ కోసం మా నాన్న వరంగల్ చౌరస్తాలో నిరాహార దీక్షకు కూర్చున్నాడు, చుట్టూ తోటి విద్యార్థుల పాటలు — అంతా చెప్పాను, ఒక పాట కూడా నేర్పాను. కొంచెం ఎక్కువే చెప్పాను. ఎవరో పెద్దమనిషి నిమ్మరసం ఇస్తే గానీ లేవలేదని కూడా.

నవంబరు 5, బుధవారం
"మస్తానమ్మకు సెలవెందుకు లేదు మమ్మీ?" అన్నం కలుపుకుంటూ అడిగింది. వంటింట్లో మస్తానమ్మ తోముతున్న గిన్నెల చప్పుడు ఆగింది.
ఇంట్లో మనిషికి సెలవేంటి అన్నాను. కడప నుంచి ఈ గల్ఫ్ దేశానికి పనికి వచ్చినప్పటి నుంచీ మాతోనే ఉంటుంది, మాతోనే తింటుంది... మా తర్వాత తింటుంది. సరే.
ఇక్కడే, సరిహద్దు ఊరు బురైమిలో సొంత చెల్లెలుందట. ఒకే దేశంలో ఉండి రెండేళ్లుగా చూడలేదట. నాకెప్పుడూ చెప్పలేదు. చిన్నికి చెప్పింది.

నవంబరు 7, శుక్రవారం
హాల్లో చాప. దాని మీద నా కూతురు. మెడలో అట్ట — 'మస్తానమ్మకు శుక్రవారం సెలవు.' పొద్దున్నుంచి ఒట్టి మంచినీళ్లే. పైగా పాట, నేను నేర్పిందే!
"ఏందే ఈ వేషాలు?"
"తాత చేస్తే గొప్ప, నేను చేస్తే వేషమా?"
మా ఆయన ఫోను చాటున నవ్వు. "మీ నాయిన కథలు చెప్పినవ్ గదా, ఇగ పడు."
మస్తానమ్మకే ఎక్కువ కంగారు. "నాకేం సెలవొద్దు మేడం, పాపను లేపండి." విన్నావా అన్నాను చిన్నితో. "నీ ముందు ఇంకేమంటది?" అంది. కోపమొచ్చింది. సిగ్గూ వచ్చింది. ఏది ముందో తెలియదు.

అదే రోజు, సాయంత్రం
మస్తానమ్మతో నిమ్మరసం పంపాను. ముట్టలేదు. "ఆమె సెలవు కోసం కూర్చుంటే ఆమెతోనే పిండిస్తవా? నువ్వే చేసుకొని రా."
వెళ్లాను. నా వంటింట్లో నాకే చక్కెర డబ్బా దొరకలేదు. "సెలవిస్తాలే, తాగు తల్లీ" అన్నాను. గటగటా తాగేసింది.
మస్తానమ్మకూ ఒక గ్లాసు ఇచ్చాను, ఎందుకో. అప్పుడు తెలిసింది, తనూ పొద్దున్నుంచి తినలేదు. "పాప తినకుండా నాకెట్ల దిగుతాది మేడం."
ప్రేమా? దీక్షా? అడగలేకపోయాను.

నవంబరు 8, శనివారం
సెలవొద్దన్న మనిషే. బట్టలు మడతపెడుతూ, నా వైపు చూడకుండా —
"ఏ శుక్రవారం నుంచి మేడం?"
వచ్చే శుక్రవారం మా ఆయన ఆఫీసు వాళ్లు భోజనానికొస్తున్నారు. బిర్యానీ కావాలన్నారు. నాకు చేతకాదు. ఆ ఒక్క వారం ఆగమంటే... మాట ఇచ్చింది నేనే కదా. ఇచ్చానా, పిల్లను లేపడానికి అన్నానా?
"చెప్తాను" అన్నాను.
మస్తానమ్మ మడతలు ఆపింది. నిన్న చిన్ని కూర్చున్న చోటే కూర్చుంది.