ప్రథమ ఫలం కవరు

మౌలాలి

మేబెల్ పిన్నీ,

వందనాలు. ఇది ఫోన్లో చెప్పే మాట కాదు, అందుకే రాస్తున్నాను. చెల్లి హదస్సాను నాలాగా పొలిటికల్ సైన్సులో చేర్చవద్దు. ఏడు లక్షల లోను కాగితాల మీద బాబాయి సంతకం పెట్టకుండా ఎలాగైనా ఆపు.

"అదే చదివి అక్క నలభై వేలు తెచ్చుకుంటలేదా? నా లోను సుత రెండేండ్లల్ల తీరిపోతది" అన్నదట హదస్సా. ఆ నలభై వేలు అబద్ధం పిన్నీ. మన చర్చిలో మొదటి జీతమంతా ప్రథమ ఫలంగా ఇస్తే, కవరు మీద రాసిన మొత్తాన్ని పాస్టర్ గారు మైకులో చదువుతారు కదా. నాన్నేమో నేను ఆఫీసరునని అందరికీ చెప్పుకున్నాడు. ఆయన పరువు పోకూడదని ఇరవై నాలుగు వేలు అప్పు తెచ్చి కవరులో కలిపాను.

నా జీతం పదహారు వేలు. అందులో తొమ్మిదిన్నర వేలు నా చదువు లోనుకే పోతాయి. ఇంకా ఏడేళ్లు కట్టాలి. బేగంపేట ఆఫీసులో నా పనేమిటో తెలుసా? లోను కట్టనివాళ్లకు ఫోన్ చేసి కట్టమని అడగడం. ఆ చదువంటే నాకు ఇప్పటికీ ఇష్టమే. ఇష్టానికి ఎవరూ జీతం ఇవ్వరు.

ఈ ఉత్తరం హదస్సాకు చూపించు. చూపించినా నమ్మదు, తన బాగు చూసి ఓర్వలేక రాశానంటుంది. పాస్టర్ గారు ఆ నలభై వేలు చదివిన ఆదివారం అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది తనే.

నీ అక్క బిడ్డ